స్విచ్చిబోర్డు ఎత్తు

వేళచ్చేరిలో ఆగస్టు ఆఖరు నుంచి
నాకు ఒకటే పని.
గోడలో కిందున్న ప్లగ్గుల్ని
పైకెక్కించడం.

లోపలికి వెళ్ళగానే అడుగుతాను,
"ఎందాకా వచ్చింది?"
ఎవరూ అడుగుల్లో చెప్పరు.
ఒకాయన మోకాలు తట్టి చూపిస్తాడు.
ఒకావిడ ఫ్రిజ్జు రెండో అరని.
మూడో వీధిలో ఇన్బవల్లి పాట్టి
ఏమీ మాట్లాడకుండా కుర్చీ ఎక్కబోయింది.
పట్టుకుని దించాను.
ఆమె వేలు మొగుడి ఫొటో మేకు దగ్గర ఆగింది.
ఆ పైన జానెడు వదిలి
సుద్దగీత గీసి
డ్రిల్లు పెట్టాను.

ఈ వీధి పేరు ఏరిక్కరై.
మన మాటలో చెరువుగట్టు.
చెరువు లేదు, గట్టు లేదు,
పేరొక్కటే ఎన్నిసార్లు మునిగినా తేలుతుంది.
నవంబరులో నాలుగు రోజులు
మేం దీవిలో ఉంటాం.
పాలప్యాకెట్లు పడవెక్కి వస్తాయి.
మేడమీది వాళ్ళు కిందింటి వాళ్ళకి
అన్నం పెట్టి, చాప పరిచి
ఆ తర్వాత పేరడిగే దీవి.

పదకొండో నంబరు ఓనరు వరదరాజన్.
తెలుగు చెవితో ఆ పేరు విన్నప్పుడల్లా
నవ్వొస్తుంది. ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.
గోడలకి లేత నిమ్మరంగు వేయించాడు.
"అద్దెకొచ్చేవాళ్ళ దగ్గర పాత కథలొద్దప్పా"
అని మూడొందలు ఎక్కువిచ్చాడు.
తీసుకున్నాను.
అబద్ధమెందుకు, తీసుకున్నాను.

వచ్చినమ్మాయి సోంపేట పిల్ల, సింధూజ.
చంకలో ఏడాది బిడ్డ.
తల ఎత్తున బోర్డు చూసి
"ఇదేంటన్నా, చార్జరు ఉరేసుకున్నట్టుంది" అంది.
తుపాను గురించి నాకే పాఠం చెప్పింది.
మావైపు గాలి కేకేసి మరీ వస్తుందన్నా,
కొబ్బరిచెట్లు ముందే తల విదిలిస్తాయి,
రేకుల మీదికి రాళ్ళెత్తి,
అటుకులు డబ్బాలో పోసుకుని
కాచుక్కూర్చుంటాం.

నేను బాత్రూము జాలీ చూపించాను.
"ఇక్కడ గాలి కాదమ్మా.
వాన వెలిసి, ఎండ కాసి,
బట్టలారేసుకున్నాక కూడా
ఇందులోంచి గుడగుడమని మొదలవుతుంది.
చుట్టం తలుపు తడుతుంది. ఇది తట్టదు."

స్క్రూడ్రైవరుతో నిమ్మరంగు గీకాను.
కింద బురదగీత,
చీర అంచంత తిన్నగా.
ఆమె బిడ్డని గోడకి ఆనించి నిలబెట్టింది.
తలకి పైన ఇంకా రెండు జానలు.
బిడ్డ గోడని తడుతూ నవ్వుతోంది.
ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

తర్వాత తనే అడిగింది, మెయిన్ ఎక్కడని.
మూడుసార్లు దింపించి
మూడుసార్లు ఎత్తించాను,
నాలుగోసారి కళ్ళు మూసుకుని.
గ్యాసుబండని కిటికీ చువ్వకి కట్టమన్నాను,
నీళ్ళొస్తే అది పడవలా ఇల్లంతా తిరుగుతుంది.
టీకా కార్డు ఇడ్లీపిండి కవరులో చుట్టి అటకమీద.
"మేడమీద ఫాత్తిముత్తుగారితో
కార్తీకం దాటేదాకా పోట్లాట పెట్టుకోకు."
దానికి మాత్రం నవ్వింది.

వరదరాజన్ డబ్బు
తిరిగిచ్చేశానని చెప్పుకుంటే బావుణ్ణు.
ఇవ్వలేదు.
గీకినచోట రంగు మాత్రం పూయలేదు.

రాత్రి రెండింటికి ఫోను.
వాన హోరులో గొంతు సగమే వచ్చింది.
"అన్నా, జాలీ మాట్లాడుతోంది."
మెయిన్?
"దించేశా."
బిడ్డ?
"పైన. ఫాత్తిముత్తుగారి మంచం మీద."
గీత?
కొంచెం ఆగింది.
"ఇంకా చాలా కిందుందన్నా. మెట్టు మీద కూర్చుని
టార్చి వేసి చూస్తున్నా."

ఫోను పెట్టేసి
చీకట్లోనే మంచం దిగాను.
కాలికి నేల పొడిగానే తగిలింది,
ఇప్పటికి.